జీతం లేని సంతకం

పోయిన వారం కథలో బీరప్పను అప్పులిచ్చే సొసైటీ ఆఫీసు అరుగు మీద కూర్చోబెట్టి వచ్చాం. మూడు వందల రూపాయల అప్పు కోసం అతను పెట్టుకున్న దరఖాస్తు లోపల మేజా మీద ఉంది. బీరప్ప పశువుల దవాఖానలో ముప్పై ఏళ్లు కట్లు కట్టి, సూదులు వేసి, ఏడాది కిందట నౌకరీ దిగిన మనిషి. దిగేనాడు చేతికొచ్చిన ఐదు వందలూ మొన్నీమధ్య వాగొడ్డు బీడుకు బయానా ఇచ్చాడు. తాత నాటి నుంచి వాళ్ల గొర్రెల మంద ఆగే జాగా అది. హైదరాబాదులో ఉండే దొర దాన్ని ఎనిమిది వందలకు ఇస్తానన్నాడు. మిగతా మూడు వందలు ఉగాది నాడు పొద్దు గూకేలోపు ముట్టకపోతే బీడూ పోతుంది, బయానా పోతుంది. రోడ్డుకు కంకర కొట్టించే కంట్రాక్టరు ఒకడు ఆ బీడు చుట్టూ అప్పుడే రెండుసార్లు తిరిగిపోయాడు.

ఉగాది ఎల్లుండి.

అరుగు మీద బీరప్ప పక్కన సైదులు కూర్చున్నాడు. సైదులు పోలీసు జమేదారుగా చేసి దిగినవాడు. పోయిన నెల ఎద్దు కోసం వంద రూపాయలు అడిగితే ఇదే సొసైటీ లేదంది. ఆ మంట ఇంకా ఆరలేదు. ఎవరు దరఖాస్తు పెట్టినా వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు.

"ముప్పయ్యేండ్లు దొంగలను పట్టిన. ఇప్పుడు అప్పడుగ వోతె నన్నే దొంగను జూసినట్టు జూస్తాన్రు" అన్నాడు బీడీ ఆర్పుతూ. "నిన్నేమంటరో ఇందామని వచ్చిన."

"నువ్వు జర ఊకో సైదులు" అన్నాడు బీరప్ప.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. బీరప్ప చెప్పులు విడిచి లోపలికి పోయాడు. అతని కన్ను ముందు సిరా పలక మీద పడింది. దానికి మూత వేసి ఉంది. దరఖాస్తు నాలుగు మడతలు పెట్టి రాయి కింద ఉంది. ఇచ్చేవాళ్లు కాగితం మడవరు.

సెక్రటరీ బాలస్వామి ముప్పై ఏళ్లవాడు. కూలికి పోయిన ఇంట్లో పుట్టి, మిషన్ బళ్లో చదివి ఆ కుర్చీ దాకా వచ్చాడు. తెల్లచొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటాడు. బీరప్పను ఊరంతా పిలిచినట్టే డాక్టర్ సాబ్ అని పిలుస్తాడు.

"కూసోండ్రి డాక్టర్ సాబ్."

"నిలబడ్డా చెవులు ఇంటయి. చెప్పు."

"కమిటీ కాదన్నది."

"ఎందుకంట?"

"మీరు రిటైరయిన్రు."

"అయిన. సచ్చిపోలే."

బాలస్వామి కలం మూత తీసి మళ్లీ పెట్టాడు. "మీకు నౌకరీ ఉన్ననాడు ఇస్తే నెల నెల జీతంల కోసుకుంటుంటిమి. ఇప్పుడు కోసుకునేటందుకు జీతం లేదు."

"పింఛను లేదా? నెలకు ఇరవై ఒక్క రూపాయి. మూడేండ్లల రెండుసార్లు వాన తప్పింది గని, ఏడాది సంది నా పింఛను ఒక్క నెల తప్పలే."

"పింఛనుల కోత పెట్టరాదు సాబ్. కోర్టుకు పోయినా జప్తు కాదు. సర్కారు కానూను గట్లున్నది. ముసలితనంల మీ ముద్ద ఎవ్వరు గుంజుకోవద్దని పెట్టిన్రు."

బీరప్ప కాసేపు ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అంటే, సర్కారు నన్ను కాపాడిందని నువ్వు నాకిస్తలేవు."

అరుగు మీది నుంచి సైదులు గొంతు వచ్చింది. "అరే వారీ! మన పైసలకు పోలీసు బందోబస్తు ఉన్నదంట! గందుకే ఎవడు దగ్గరికి రాడు!"

"పోయినేటి దాక నేను పదకొండు మందికి జమానతు సంతకం పెట్టిన" అన్నాడు బీరప్ప. "గా బుక్కుల చూడు. ఒక్కడన్న ఎగ్గొట్టిండా?"

"లేదు."

"గా చెయ్యే గిది. గా సంతకమే గిది."

"సంతకం గదే సాబ్. కాని దాని ఎనుక జీతం లేదు."

జీతమున్నవాడిని ఒకడిని జమానతు తెస్తే ఇస్తామన్నాడు బాలస్వామి. బడి పంతులు బదిలీ మీద పోయాడు. పోస్టుమాస్టరు అప్పటికే ఇద్దరికి పెట్టాడు, మూడో జమానతు పెట్టరాదు. ఊళ్లో ఇక జీతమున్నవాడు బాలస్వామి ఒక్కడే. సెక్రటరీ తన సొసైటీలో తాను జమానతు ఉండరాదు.

బాలస్వామి తల్లి బర్రె ఒకప్పుడు ఈనలేక రెండు దినాలు పడి ఉంటే, బీరప్ప మోచేతి దాకా చెయ్యి పెట్టి దూడను తీశాడు. ఆ మాట ఇప్పుడు నాలుక దాకా వచ్చింది. మింగాడు. బాలస్వామికి కూడా అదే గుర్తొచ్చినట్టుంది, చూపు మేజా మీదికి దించాడు.

"ఒక తోవ ఉన్నది సాబ్" అన్నాడు అలాగే కిందికి చూస్తూ. "జీవాల మీద ఇస్తం. ముప్పై గొర్లు మీయని చూపియ్యిండ్రి. చెవిగుర్తు రాసుకొని, అక్కడనే పైసలిస్త. రేపు పొద్దున మంద లేవక ముందే వస్త."

"ముప్పయా? మా తమ్ముడు గుర్వయ్య మందల నాయి నలభై ఉంటయి."

బయటకు వచ్చేటప్పుడు బీరప్ప నడకలో బిగువు ఉంది. సైదులు వెంట నడుస్తూ ఏదో అంటున్నాడు. నాలుగు ఇళ్లు దాటాక బీరప్ప కాళ్లు ఆగిపోయాయి.

చెవులు.

కురుమల ఇళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో చెవికోత ఉంటుంది. గొర్రెపిల్ల పుట్టిన నెలలోపు కోస్తారు. ఏ మందలో కలిసినా ఎవరి జీవమో దాన్ని బట్టే తెలుస్తుంది. తమ్ముడు గుర్వయ్యది ఎడమ చెవి కొసకోత. బీరప్పది కుడి చెవి చీలిక. నిజాం కాలంలో దవాఖానలో నౌకరీ దొరికిన కొత్తలో అక్కడి డాక్టరు అడిగాడు, నీకు గొర్రెలున్నాయా అని. ఉన్నాయంటే, సర్కారు మందు నీ గొర్రెలకే పోస్తున్నావని ఎవడైనా అర్జీ పెడతాడన్నాడు. బీరప్ప ఆ సాయంత్రమే తమ్ముడి దగ్గరికి పోయి చెప్పాడు. ఇక నా గుర్తు కొయ్యకు, పుట్టిన పిల్లలన్నింటికీ నీ గుర్తే కొయ్యి, నాయి ఎన్నో నీ మనసుకు ఎరుకే కదా అని.

కుడి చెవి చీలిక ఉన్న ఆఖరి గొర్రె చచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

*

తెల్లవారి వాగొడ్డు మీద ఇంకా చలిగా ఉంది. ముళ్లకంప దొడ్డిలో మంద ఒకదాని వీపు మీద ఒకటి తల పెట్టుకొని నిలబడి ఉంది. గుర్వయ్య భార్య నర్సింగమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద గట్క కలుపుతోంది. బాలస్వామి సైకిలు దిగి, రిజిస్టరు, సిరా పలక సంచిలోంచి తీశాడు. సైదులు కట్టె పట్టుకొని వచ్చాడు. రమ్మని ఎవరూ అనలేదు.

గుర్వయ్య అన్న కంటే ఆరేళ్లు చిన్న. మనుషులతో కంటే గొర్రెలతో ఎక్కువ మాట్లాడతాడు. ఆ పొద్దున మాత్రం అందరితో మాట్లాడుతున్నాడు. బాలస్వామికి నీళ్లు తెచ్చిచ్చాడు, సైదులుకు రాయి తుడిచి కూర్చోమన్నాడు. బీరప్ప చూస్తున్నాడు. కాలు నొప్పి ఉన్న గొర్రె మనిషి కనబడితే ఆ కాలే గట్టిగా మోపి నడుస్తుంది. దవాఖానలో అతను నేర్చుకున్న మొదటి సంగతి అది.

బాలస్వామి ఒక్కో గొర్రెను పట్టుకొని చెవి తిప్పి చూసి చెప్తూ పోయాడు.

"ఎడమ కొస. ఎడమ కొస. గిది గూడ ఎడమ కొస."

అరవై రెండు తేలాయి. అరవై రెండూ ఎడమ కొసలే.

"మామా, వీట్ల మీ అన్నయి ఎన్ని?" అని అడిగాడు గుర్వయ్యను.

గుర్వయ్య ఒక పిల్ల మూతి తుడుస్తూ ఉండిపోయాడు. "ఎన్నంటె ఏం జెప్పాలె. అన్న నలభై అన్నడంటె నలభై."

"నలభై యాడియి?" అంది నర్సింగమ్మ. కొంగు నెత్తి మీదికి లాక్కుంది, కాని గొంతు తగ్గించలేదు. "బావా, తప్పనుకోకు. నువ్వు మందల ఇడిచినయి తొమ్మిది. పోలీసు చర్య అయిన ఏడు మూతులు వాసి వాట్ల పిల్లల్ల సగం పాయె."

"మిగిలినయి ఈనలేదా నర్సింగమ్మా? వాటి పిల్లలు ఈనలేదా?"

"ఈనినయి. ఎవరు కాసిన్రు? కరువొచ్చిన ఏడు కృష్ణ ఒడ్డు దాక ఎవరు తోలుకపోయిన్రు? ఆయన కాళ్లు చూడు. నువ్వు సర్కారు నీడల ఉంటివి."

"గా సర్కారు సూది మందు నా జీతంల కొని తెచ్చి మందంతటికి ఏసిన. అది చెప్పవేంది?"

"చెప్త. ఏసినవు. నేను లేదన్ననా?"

బీరప్ప తమ్ముడి వైపు తిరిగాడు. "గుర్వా. ఏటేటా ఉన్ని కత్తిరించినంక ఒక గొంగడి ఉన్ని నా ఇంటికి తెచ్చిస్తివి. ఎందుకిచ్చినవు?"

గుర్వయ్య చేతిలోని పిల్లను కింద వదిలాడు.

"అన్నవని ఇచ్చిన" అన్నాడు. తర్వాత, "నీయి ఉన్నయని గూడ ఇచ్చిన."

బాలస్వామి రిజిస్టరు మీద వేలు ఆనించి నిలబడ్డాడు. "గివన్ని మీ ఇంటి ముచ్చట్లు. నేను రాసేది చెవి మీద ఉన్నదే."

గుర్వయ్య దిగ్గున లేచాడు. మొల నుంచి కత్తి తీశాడు. దగ్గరున్న గొర్రెను మోకాళ్ల మధ్య పెట్టి, కుడి చెవి పట్టుకొని, ఒక్క గీటుతో చీల్చాడు. గొర్రె అరిచి గింజుకుంది. నెత్తురు అతని మణికట్టు మీద పడింది.

"రాస్కో! ఒకటి! నలభై కోస్త ఇప్పుడు."

"ఆపు మామా!" బాలస్వామి చెయ్యి పట్టుకున్నాడు. "పచ్చికోత రాసుకుంటే తాలూకా ఇన్‌స్పెక్టరు నా నౌకరీ తీస్తడు. ఎడమ చెవిదొకరి గుర్తు, కుడి చెవిదొకరి గుర్తు. అట్లాంటి గొర్రెను మీ కులంల ఏమంటరు?"

గుర్వయ్య కత్తి దించాడు. "దొంగ గొర్రె అంటరు."

ఆ గొర్రె మందలోకి ఉరికి, తల విదిలిస్తూ మిగతావాటి వీపుల మీద ఎర్రచుక్కలు చల్లింది. నర్సింగమ్మ పొయ్యిలోంచి బూడిద తీసుకొని దాని వెంట పోయింది.

బీరప్ప పది అడుగులు అవతలికి పోయి వాగు వైపు నిలబడ్డాడు. బయానా ఇచ్చిన నాటి నుంచి ఆ బీడులో ఎక్కడ బావి తవ్వాలో, ఎక్కడ తుమ్మలు కొట్టకుండా ఉంచాలో అనుకుంటూనే ఉన్నాడు. వెనుక నుంచి బాలస్వామి గొంతు వచ్చింది.

"సాబ్, ఒక్క పని చెయ్యొచ్చు. అప్పు గుర్వయ్య మామ పేరు మీద రాస్త. గొర్లు ఆయనయి, గుర్తు ఆయనది, నౌకరీ దిగుడు అనేది ఆయనకు లేదు. కమిటీ ఒప్పుకుంటది. ఇప్పుడే మూడు వందలు ఇచ్చిపోత."

"మరి గింత సేపు చెప్పవేంది?" అన్నాడు సైదులు.

"దాంట్ల ఒక మెలిక ఉన్నది. బీడు కొనేటందుకు ఇచ్చే అప్పు గనుక, బీడు గూడ ఆయన పేరు మీదనె రిజిస్ట్రీ కావాలె."

సైదులు కట్టెతో నేల మీద గీతలు గీస్తూ అన్నాడు. "గొర్లు తమ్ముని పేరు మీద. బీడు తమ్ముని పేరు మీద. నీ పేరు మీద ఏముంటది బీరప్పా? ఏటికొక గొంగడి."

"జమేదార్ సాబ్, మా ఇంట్ల పుల్లలు పెట్టకు" అన్నాడు గుర్వయ్య. బాలస్వామి చేతిలోంచి సిరా పలక తీసుకొని, మూత విప్పి, ఎడమ బొటనవేలు గట్టిగా అదిమాడు. వేలు నీలంగా అయింది. "నాకు బీడొద్దు అన్నా. ముద్ర నాది, జాగా నీది. నోటిమాట చాలదా?"

బీరప్ప ఆ వేలు చూశాడు. ముప్పై ఏళ్ల కింద తాను తమ్ముడికి చెప్పింది కూడా నోటిమాటే. అప్పుడు చాలింది. ఇప్పుడు వద్దంటే ఐదు వందలు మునుగుతాయి, మంద నిలబడే జాగాలో కంకర మిషను నిలబడుతుంది. సరే అంటే తాను ముప్పై ఏళ్లు చేసిన కొలువంతా తమ్ముడి వేలి కింద ఉంటుంది. తన కొడుకు రేపు బాబాయి కొడుకులను ఏమని అడగాలి?

"ఆగు గుర్వా" అన్నాడు. "ముద్ర ఎయ్యకు. ముందుగాల మనిద్దరం ఒక కాగితం రాసుకుందం."

గుర్వయ్య చెయ్యి గాలిలో ఆగింది.

"నా మీద కాగితమా అన్నా?"

"నీ మీద కాదు. నువ్వు నేను పోయినంక పిల్లల కోసం."

"తొమ్మిది గొర్లు ఇడిచిననాడు నువ్వు కాగితం అడగలే."

"అడగలే గనుకనే ఇయ్యాల చెవులన్ని నీయి అయినయి."

ఆ మాట అన్నాక తిరిగి నోట్లోకి తీసుకునే వీలుంటే బీరప్ప తీసుకునేవాడే. గుర్వయ్య ముఖం మీద కొట్టినట్టు చూశాడు. దొడ్డి కంప పక్కకు నెట్టి కట్టె అందుకున్నాడు. మంద కదిలింది.

అప్పుడు నర్సింగమ్మ అడ్డం వచ్చి నిలబడింది. చేతుల నిండా బూడిద ఉంది.

"కాగితమంటె గంత రోషమొచ్చింది గదా. మరి నీ మొలల సంచిల ఉన్నదేంది?"

"నువ్వు ఊకో."

"నాలుగొద్దుల సంది ఊకున్న. నాకు నిద్ర పడుతలేదు." ఆమె బీరప్ప వైపు చూడకుండానే అతనికి చెప్పింది. "మొన్న ఐతారం కంకర కంట్రాక్టరు వచ్చిండు బావా. మందను ఈడికెళ్లి లేపితె వంద రూపాలిస్త అన్నడు. ఇరవై చేతుల పెట్టి, కాగితం మీద ఏలు ముద్ర ఏపిచ్చుకొని, దానసొంటిదే ఇంకోటి ఈనకిచ్చి పోయిండు. అన్నకు చెప్పొద్దన్నడు."

గుర్వయ్య కట్టె మీద వాలాడు. "లేపుతనని ఖాయం జెయ్యలే అన్నా. బీడు నీకు రాకపోతె మందను రోడ్డు మీద నిలబెట్టాలెనా అని తీస్కున్న. నువ్వు కొంటె ఆ ఇరవై వాని మొగాన కొడుదామనుకున్న. మైసమ్మ తల్లి తోడు."

"కాగితం ఇటియ్యి" అన్నాడు బీరప్ప.

గుర్వయ్య సంచి విప్పాడు. తంబాకు ముక్కల మధ్య నుంచి మడత కాగితం తీసి అన్నకు ఇవ్వలేక, బాలస్వామి చేతిలో పెట్టాడు. బాలస్వామి పైకే చదివాడు.

"మహాశివరాత్రి నాడు దొరగారి వద్ద కంట్రాక్టరు ఖరీదు చేసిన వాగొడ్డు బీడులో నుంచి గొర్రెల మందను లేపుకొని పోవుటకు ఒప్పుకొని..."

అక్కడ ఆగిపోయాడు. ఆ పంక్తి మళ్లీ తనలో తాను చదువుకున్నాడు.

"సాబ్, మీరు దొరకు బయానా ఏనాడిచ్చిన్రు?"

"హోలీ అయిన మూడో దినం."

సైదులు గీతలు గీయడం ఆపాడు. శివరాత్రి ముందా, హోలీ ముందా అన్నది అక్కడ ఎవరికీ చెప్పనక్కర లేదు. గుర్వయ్య ఒకరి ముఖం నుంచి ఒకరి ముఖంలోకి చూశాడు. అతనికి చదువు రాదు కాని పండుగల వరుస వచ్చు.

"కింద సాక్షి సంతకం ఉన్నది" అన్నాడు బాలస్వామి నెమ్మదిగా. కాగితం బీరప్ప ముందు పట్టాడు.

బీరప్ప అంగీ జేబులోంచి బయానా రసీదు తీసి దాని పక్కన పెట్టాడు. రెండు కాగితాల మీదా ఒకటే సంతకం. దొరది. చివరి అక్షరం తోక రెండింటిలోనూ ఒకేలా కిందికి లాగి ఉంది.

బాలస్వామి సిరా పలక మూత వేశాడు. "ఇప్పుడు కమిటీ ఇమ్మన్నా ఈ మూడు వందలు నేనియ్య సాబ్. ఇస్తే గవి గూడ, అమ్మిన బీడునే మళ్లా అమ్మిన దొర జేబులకే పోతయి."

బీరప్ప రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మడత సరిగ్గా పడలేదు. మళ్లీ మడిచాడు.

"జడ్చర్లల హైదరాబాదు బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

"తొమ్మిదింటికి" అన్నాడు సైదులు. "కాని బీరప్పా, దొర ఇంట్లకు నిన్ను రానియ్యాలె గదా. ఒక్కనివి పోయి ఏం జేస్తవు?"

గుర్వయ్య తన కట్టె నర్సింగమ్మ చేతిలో పెట్టాడు. నీలం వేలు గొంగడికి తుడుచుకొని, అన్న కంటే ముందుగా జడ్చర్ల తోవ మీదికి ఎక్కాడు.